పడవ మీది చదువు



గత నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, కొల్లేటి లంక గ్రామము నుండి వచ్చిన ఒక తల్లి మందిరము మెట్ల దగ్గర మా కొరకు కనిపెట్టుకొని యున్నది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితము. "మాస్టారూ, మా వాడికి తాడేపల్లిగూడెంలో సీటు వచ్చిందండి. హాస్టలుకి కట్టే స్తోమత మాకు లేదు. వాళ్ళ నాన్నేమో చేపల చెరువు కాపలాకి పెట్టేస్తానంటున్నారు. ఏం చేయమంటారండీ?" అని అడిగినది.

"ప్రార్థన చేద్దాము తల్లీ" అని చెప్పి పంపివేయుట సులువే. కాని ప్రార్థన చేసిన తరువాత కూడ బస్సు చార్జీ మిగిలియే యుండును గదా! వారము రోజులు గడువు అడిగి ఇంటికి వచ్చాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకనగా, దాదాపు యాభై సంవత్సరముల క్రిందట ఇదే ప్రశ్న మా ఇంటిలో కూడ పుట్టినది. దానికి మా మేనమామ ఇచ్చిన జవాబు ఒక పడవ. ఆ పడవ సంగతి ఈ పుటలో ఎన్నడూ వ్రాయలేదు. ఈ నెల వ్రాయవలెనని తోచినది.

ముందుగా మన ప్రాంతపు నీటి దారులను గూర్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి. నేటి పిల్లలు కాలువను చూచి నీరు పారే గుంట అనుకొనుచున్నారు. ఒకప్పుడు అదే రహదారి. గోదావరి మీద ధవళేశ్వరము ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయినది. ఈ రెండు నదుల కాలువలు మన ఏలూరులో కలుసుకొనుచున్నవి. అటునుండి గోదావరి నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెము, భీమడోలు మీదుగా వచ్చును. ఇటునుండి కృష్ణ నీరు వచ్చును. కాటన్ దొర ఆ కాలువలను పొలములకు నీటి కొరకు మాత్రమే త్రవ్వించలేదు. పడవలు నడిచేటట్లు వెడల్పు, లోతు ఉంచి, నీటి మట్టము మారిన చోట్ల లాకులు కట్టించాడు. కాకినాడ మొదలుకొని దక్షిణమున బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాటి వెళ్ళుటకు నీటి దారి ఏర్పడినది. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారిని 2008లో కేంద్ర ప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది.

రైలు రాక ముందు చదువుకొనవలెనన్న పిల్లవానికి కూడ ఆ కాలువలే దారి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి సంగతి మీకు తెలిసినదే. తండ్రి చనిపోగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచినది. ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆయనను తనతో రాజమండ్రికి తీసికొని వెళ్ళి చదివించాడు. ఆ పేద విద్యార్థియే 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి అయినాడు. ఒక తల్లి వంటపొయ్యి, ఒక గురువు దయ లేకపోయిన యెడల ఆ పేరు మనకు తెలిసియుండేది కాదు.

మన సంఘముల చరిత్రలో కూడ పడవకు పెద్ద చోటున్నది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ అను ఇద్దరు యౌవనులు నరసాపురములో నిలిచి గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. రాబర్ట్ నోబుల్ దొర 1841లో వచ్చి, 1843లో బందరులో పాఠశాల తెరచి, 1865లో మరణించువరకు ఒక్కసారైనను స్వదేశమునకు వెళ్ళలేదు. కాలువలు వచ్చిన తరువాత డెల్టాలోని మిషనరీలు పడవ గూటిలోనే వండుకొని, అందులోనే పడుకొని, వారముల తరబడి గ్రామములు తిరిగేవారు. పడవ ఆగిన గట్టు మీద బడి, ప్రార్థన, మందుల పెట్టె మూడును ఒకేచోట జరిగేవి. మన తాతలలో కొందరు మొదటి అక్షరము దిద్దినది అట్టి గట్టు మీదనే.

ఇక మా సంగతి. మా ఊరు కొల్లేటి లంకలలో ఒకటి. వానాకాలములో ఇంటి గుమ్మము నుండియే తాటిదోనె ఎక్కవలసి యుండేది. మా తండ్రిగారికి చేపల వల, అరెకరము చేను తప్ప మరేమియు లేదు. 1975లో పదవ తరగతి గట్టెక్కాము. ఏలూరులో కళాశాలలో చేరుటకు సీటు దొరికినది గాని హాస్టలుకు నెలకు నూరు రూపాయలు కావలసివచ్చినది. మా ఇంటి నుండి నెలకు ముప్పది అయిదు రూపాయలకు మించి రాదు. నాన్నగారు, "ఇంతవరకు చదివాడు చాలు" అన్నారు. మా అమ్మ ఏడ్చినది.

అప్పుడు మా మేనమామ వచ్చాడు. ఆయనకు ఏలూరు కాలువలో నూట యాభై బస్తాలు పట్టే నాటు పడవ ఉండేది. ఇటుక, ఇసుక, కలప, ధాన్యము వేసికొని తాడేపల్లిగూడెము, నిడదవోలు వైపు తిరిగేవాడు. అప్పటికే లారీలు ఎక్కువై పడవల పని తగ్గుచున్నది. ఆయన మా నాన్నగారితో, "బావా, వీడికి గది కావాలి, అంతే గదా. నా పడవకి గూడు ఉంది. బియ్యం మీరు పంపండి, పులుసు నేను కాస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా చదువు నిలిచినది.

అట్లు రెండున్నర సంవత్సరములు పడవ మీద కాపురమున్నాము. వినుటకు బాగుండును గాని అది విహారము కాదు. పడవ వెనుక భాగమున వెదురు తడికలతో కప్పిన గూడు ఉండేది. అందులో నిలబడుటకు వీలు లేదు, కూర్చొనవలెను లేక పడుకొనవలెను. మట్టి పొయ్యి, రెండు కుండలు, ఒక లాంతరు, మా పుస్తకముల రేకు పెట్టె. పుస్తకములు తడవకుండ వాటిని ఎరువుల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచేవారము. దోమలు విపరీతము. వానాకాలములో పాములు తాడు పట్టుకొని పడవ ఎక్కేవి. ఒకసారి మలేరియా పట్టి పదిహేను రోజులు కళాశాలకు వెళ్ళలేదు.

పడవ వారములో నాలుగు దినములు ఏలూరులో సరుకు దించుచు, ఎక్కించుచు నిలిచి యుండేది. మిగిలిన మూడు దినములు మావయ్య తాడేపల్లిగూడెము వైపు పోయి వచ్చేవాడు. ఆ మూడు రాత్రులు మేము మందిరము వరండాలో పడుకొనేవారము. అక్కడ కరెంటు దీపము ఉండేది గనుక పరీక్షల ముందు అదే మాకు మేలు. కాపలా తాతగారు, "దీపం ఆర్పకు బాబూ, పాదిరిగారితో నే చెప్తాలే" అనేవాడు. ఆయన ఆర్పని ఆ దీపమునకు మేము ఇప్పటికిని ఋణపడి యున్నాము.

దసరా సెలవులలో, క్రిస్మసు సెలవులలో మావయ్యతో కూడ ప్రయాణము చేసేవారము. వెళ్ళునప్పుడు ఎదురు పారకము. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే ఇద్దరు మనుష్యులు గట్టు మీద నడచుచు తాడుతో లాగేవారు, మావయ్య చుక్కాని పట్టేవాడు, మేము గెడ వేసేవారము. తిరిగి వచ్చునప్పుడు నీరే తీసికొని వచ్చేది. ఆ తీరికలో చదివిన చరిత్ర పాఠములు నేటికిని మరువలేదు. సెలవు చాలనప్పుడు పాసింజరు రైలులో గూడెము వెళ్ళి అక్కడ పడవ ఎక్కేవారము. డబ్బు మిగిల్చుట కొరకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని చద్దన్నము తిని రైలెక్కేవారము. స్టేషనులో టీ త్రాగుట పండుగ దినములలో మాత్రమే.

మావయ్యకు చదువు రాదు గాని లెక్క వచ్చును. మా చేత ఒక చిన్న పుస్తకములో ప్రతి రాత్రి ఖర్చు వ్రాయించేవాడు. కిరసనాయిలు ఇంత, సబ్బు ఇంత, కాగితములు ఇంత. ఆయన వ్రేళ్ళ మీద కూడి చూచి, తప్పు ఉంటే, "ఏరా అల్లుడూ, పావలా ఎక్కడ మునిగింది?" అనేవాడు. నెలకు ముప్పది అయిదు రూపాయలలో రెండు మూడు రూపాయలు మిగిల్చినాము. ఆ పావలాల లెక్కే తరువాత మా సంసారమును నిలబెట్టినది.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేది, శనివారము. దివిసీమను ముంచివేసిన ఉప్పెన దినము అదే. ఏలూరులో ఉప్పెన రాలేదు గాని గాలివాన భయంకరముగా వచ్చినది. అప్పటికి మేము డిగ్రీ మొదటి సంవత్సరములో ఉన్నాము. సాయంకాలము ఆకాశము చూచి మావయ్య, "అల్లుడూ, పుస్తకాల పెట్టె తీసుకుని గుడికి పో. ఈ రాత్రి పడవలో ఉండొద్దు" అన్నాడు. "నువ్వు రావా మావయ్యా?" అంటే, "తాళ్ళు రెండు బిగించి వస్తాను" అన్నాడు. ఆయన వచ్చేసరికి అర్ధరాత్రి దాటినది. ఒళ్ళంతా గీరుకొనిపోయి, మాటలాడక మూల కూర్చున్నాడు.

తెల్లవారి చూస్తే గట్టు మీది నిద్రగన్నేరు చెట్టు కూకటివేళ్ళతో లేచి పడవ మీద పడియున్నది. గూడు నుజ్జయినది. పడవ నడుము విరిగి సగము నీట మునిగినది. మేము ఆ గూటిలో పడుకొని యుంటే ఈ మాటలు వ్రాయుటకు ఉండేవారము కాము. ఆ రోజులలో దివిసీమ వార్తలు ఒక్కొక్కటిగా వచ్చుచుంటే, మా పడవను గూర్చి ఏడ్చుటకు కూడ సిగ్గు వేసినది. వేలమంది పోయిన చోట ఒక పడవ ఎంత?

కాని ఆ పడవయే ఆ ఇంటి అన్నము. పడవను గట్టెక్కించి, బల్లలు మార్చి, సందులలో నార కుక్కి గుగ్గిలము పూస్తే మరల నీటిలోనికి దించవచ్చునని వడ్రంగి చెప్పాడు. దానికి అప్పు చేయవలెను. ఇంతలో మా ఫీజు గడువు వచ్చినది. పాత బాకీ, పరీక్ష ఫీజు కలిసి నూట ఇరువది రూపాయలు. మేము ఎవరికిని చెప్పలేదు. మావయ్యకు ఎట్లు తెలిసినదో తెలియదు. ఒక ఉదయము మందిరము వరండాకు వచ్చి, రుమాలులో కట్టిన నోట్లు మా చేతిలో పెట్టి, "కట్టేసి రసీదు తెచ్చి చూపించు" అన్నాడు. చదువు రాని మనిషి ఆ రసీదును అటు ఇటు త్రిప్పి చూచి, మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

పడవ బల్లలు అమ్మివేశాడు. కొన్ని ఎవరి ఇంటికో తలుపులైనవి, మిగిలినవి కట్టెల అడితికి పోయినవి. ఆయన ధాన్యపు మిల్లులో హమాలీగా చేరాడు. మేము మిగిలిన చదువును ఆ వరండాలోనే, సంఘములోని రెండు కుటుంబములు వంతులవారీగా పెట్టిన అన్నముతో ముగించి, ఉపాధ్యాయ వృత్తిలో చేరాము.

ప్రియులారా, సాక్ష్యము ఇక్కడితో ఆపివేయుట మాకు ఇష్టమే. మేనమామ త్యాగము, మేనల్లుని విజయము. అనేక కూటములలో ఇక్కడికే చెప్పి కూర్చున్నాము. కాని మిగిలినది చెప్పకపోతే ఇది సగము సత్యమే. మావయ్యకు ఒక కుమారుడు. మా కంటె ఏడేండ్లు చిన్నవాడు. పడవ పోయిన సంవత్సరము అతడు ఏడవ తరగతి. ఆ వేసవిలో బడి మానిపించి ఇటుకల బట్టీకి పంపారు. ఆ సంగతి మాకు తెలియును. తెలిసియు, "మళ్ళీ చేర్పిస్తారులే" అనుకొని మా పుస్తకము మేము చదువుకొన్నాము. వారు మరల చేర్పించలేదు. మావయ్య చనిపోయిన తరువాత అత్తయ్య ఒకనాడు కోపము లేకుండగనే అన్నది: "నాయనా, ఆ రోజు నూట ఇరవై రూపాయలు మీ మావయ్య చేతిలో ఉంటే పడవ బాగుపడేది. పడవుంటే వాడు చదువుకునేవాడు."

దానికి మా దగ్గర జవాబు లేదు. తరువాత మేము అతని పిల్లల ఫీజులు కట్టాము. అది బాకీలో వడ్డీ మాత్రమే. అసలు తీరునది కాదు. ఒకే పడవలో ఇద్దరు పిల్లలుండగా ఒకడు గట్టెక్కుటకు మరియొకడు నీటిలో దిగవలసివచ్చినది. గట్టెక్కినవాడు వెనుకకు తిరిగి చూడలేదు. ఈ మాట వ్రాయుటకు మాకు ఇన్ని సంవత్సరములు పట్టినది.

అందుకనే ఆ తల్లి మరల వచ్చినప్పుడు మేము మొదట అడిగినది కుమారుని గూర్చి కాదు. "అమ్మా, చిన్నపిల్ల ఏం చదువుతోంది?" అన్నాము. ఆమె తల దించుకొన్నది. "తొమ్మిదండి. వీణ్ణి పంపాలంటే దాన్ని పదితో ఆపేద్దాం అనుకుంటున్నాం" అన్నది. అదే పడవ, అదే చెట్టు!

నేటి లంకల పరిస్థితి కూడ మనము తెలిసికొనవలెను. కొల్లేరు రెండు డెల్టాల నడుమ పళ్ళెము వంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీరు అందులో నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రములోనికి పోవును. 1970వ దశకము చివరి నుండి చేపల చెరువులు పెరిగినవి. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రాంసార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చినది. 2006లో అభయారణ్యములోని చెరువు గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టినారు. గూడబాతులకు, కొంగలకు మేలు కలగవలసినదే, సరస్సు బ్రతుకవలసినదే. కాని చెరువు మీద కూలికి బ్రతికే కుటుంబమునకు అప్పటి నుండి రేపు అనునది నిశ్చయము లేనిదైనది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు చేరినది మన కొల్లేటికే. నీటి మీద, చెరువు మీద మాత్రమే ఆధారపడిన ఇంటిలో ఒక్కరికైనను చదువు ఉండవలెనని మేము చెప్పుటకు కారణమిదే.

నీటి మధ్య చదువు మన కష్టము మాత్రమే కాదు. బంగ్లాదేశములో వరదలకు బడులు మూతపడుట చూచి, మహమ్మద్ రెజ్వాన్ అను భవన శిల్పి 2002 నుండి పడవలనే బడులుగా చేసి నడిపించుచున్నాడు. పడవ రేవు రేవునకు వెళ్ళి పిల్లలను ఎక్కించుకొని, ఒక చోట ఆగి పాఠము చెప్పి, మరల వారి రేవులలో దింపును. దీపములు సూర్యరశ్మితో వెలుగును. ఇంగ్లండులో ఏడు అడుగుల వెడల్పు గల సన్నని కాలువ పడవలలో ఒకప్పుడు సరుకు మోసే కుటుంబములు కాపురముండేవి. నేడు లండనులో ఇంటి అద్దెలు భరించలేని యౌవనులు కొందరు అట్టి పడవలలో ఉండుచున్నారు. పేదవాడు ఏ దేశములోనైనను తల దాచుకొనుటకు చోటు, వెళ్ళి వచ్చుటకు దారి వెదకుకొనుచునే యున్నాడు.

ఇది చదివి యౌవనులెవరును పడవ కాపురమును గూర్చి మోజు పడవద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎన్ని కుటుంబములు దుఃఖములో పడినవో మరువరాదు. లంకలలో ఇప్పటికిని దోనె ఎక్కే పిల్లలకు మొదట ఈత నేర్పించండి. గాలివాన సూచన ఉన్న దినమున బడి మానినను పరవాలేదు. బరువు ఎక్కువైన పడవ ఎక్కవద్దని చెప్పండి. మావయ్య ఆ సాయంకాలము ఆకాశము చూచి చెప్పిన ఒక్క మాట మా ప్రాణము నిలిపినది.

ఇక తక్కువ ఖర్చుతో చదువుకొను మార్గములు. మేము ఆ తల్లితో కూర్చుండి కాగితము మీద వేసిన లెక్కయే మీ ముందు ఉంచుచున్నాము.

మొదటిది, ప్రయాణము. ఏలూరు నుండి తాడేపల్లిగూడెమునకు రైలు దారి యాభై కిలోమీటర్ల లోపే. విద్యార్థులకు రైల్వే సీజన్ టికెట్టు మీద రాయితీ ఉన్నది. కళాశాల నుండి ధ్రువపత్రము తీసికొని స్టేషనులో అడుగవలెను. ఆర్టీసీలో విద్యార్థుల పాసు ఉన్నది. ఆడపిల్లలైతే, 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణము మొదలైనది. బస్సు చార్జీ లేదు గనుక చదువు మానిపించాము అను మాట ఆ తల్లి నోట ఇక రాకూడదు.

రెండవది, వసతి. దినమును వెళ్ళి వచ్చుటకు వీలైతే హాస్టలు ఖర్చు తప్పును. వీలు కాకపోతే ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళను గూర్చి ముందుగానే విచారించండి. సీట్లు నిండిన తరువాత వెళ్ళి బాధపడి ప్రయోజనము లేదు. కులము, ఆదాయము ధ్రువపత్రములు వేసవిలోనే సిద్ధము చేసికొనండి. ఈ కాగితములు లేక ఎంతమంది పిల్లలు ఉపకారవేతనము పోగొట్టుకొనుచున్నారో మేము కన్నులారా చూచుచున్నాము.

మూడవది, పావలా లెక్క. ఇప్పుడు పావలా లేదు, సెల్‌ఫోనులో చెల్లించు డబ్బు కంటికి కనబడదు. అందుకనే లెక్క మరింత అవసరము. పిల్లవాడు ప్రతి రాత్రి ఖర్చు వ్రాయవలెను, వారమునకొకసారి తల్లికి చదివి వినిపించవలెను. అనుమానించుటకు కాదు, ఇంటిలో డబ్బు ఎట్లు వచ్చుచున్నదో అతనికి, ఎట్లు పోవుచున్నదో ఆమెకు తెలియుటకు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఒక బిడ్డ చదువును మరియొక బిడ్డ చదువుతో కొనవద్దు. ఇద్దరికిని చాలకపోతే ఇద్దరికిని కొంచెము కొంచెము తగ్గించండి. పెద్దవాడు సెలవులలో పని చేయును, చిన్నది ప్రభుత్వ కళాశాలలో చదువును. కాని ఎవరిని పూర్తిగా దింపవద్దు.

ఈ లెక్కతో మేము ఆ ఇంటికి వెళ్ళాము. తండ్రి చెరువు గట్టు మీద ఉన్నాడు. కూర్చుండమని మంచము వాల్చి, మా మాటలన్నియు విని, "అంతా బాగానే ఉందండి మాస్టారూ. రాత్రి కాపలా ఎవరు కాస్తారు? ఆ కూలి పోతే వడ్డీ ఎవరు కడతారు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మేము అతనిని తప్పు పట్టలేదు. చాలసేపు మాటలాడిన తరువాత ఇట్లు కుదిరినది. పిల్లవాడు ఉదయము మొదటి బస్సులో ఏలూరు వచ్చి రైలు ఎక్కును. శనివారము, ఆదివారము రాత్రులు, సెలవులలోను కాపలా అతడు కాయును. మిగిలిన రాత్రులకు తండ్రియు బాబాయియు వంతు వేసికొందురు. పరీక్షల నెలలో పిల్లవానికి ఏలూరులో మా సంఘపు బడి గదిలో పడక, దీపము. చిన్నమ్మాయి పదవ తరగతి తరువాత ఏలూరులో ఇంటర్మీడియట్ చేరును. తండ్రి, "ఒక్క ఏడాది చూస్తానండి" అన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు. మేము కూడ అడుగలేదు.

ఆ అమ్మాయి గుమ్మము దగ్గర నిలబడి ఇదంతయు వినుచున్నది. మేము లేచునప్పుడు దగ్గరకు వచ్చి, "మాస్టారూ, నాక్కూడా లెక్క పుస్తకం ఒకటి ఇస్తారా?" అని అడిగినది. రెండు పుస్తకములు పంపాము.

ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమడోలు, ఆకివీడు, కైకలూరు ప్రాంతముల సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. మన మందిరముల ప్రక్కనున్న బడి గదులు వారములో ఆరు దినములు తాళము వేసియే యుండును. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఆ తాళము తీయండి. ఒక దీపము, ఒక పంకా, త్రాగుటకు నీళ్ళు, చూచుకొనుటకు ఒక పెద్ద మనిషి. ఆడపిల్లలు చదువుకొను చోట ఒక తల్లి తోడుండవలెను. ఏ మతమువారి బిడ్డ వచ్చినను చోటు ఇవ్వండి. కరెంటు బిల్లు కొంచెము పెరుగును, పెరుగనివ్వండి.

సముద్రములో దోనె మునుగునంతగా అల లేచినప్పుడు శిష్యులు ఒకరినొకరు నీటిలోనికి త్రోయలేదు, అందరును ఒకే దోనెలో ఉండి కేక వేశారు. మన ఇండ్లలో కూడ అట్లే జరుగును గాక. ఆ పిల్లల సంగతి వచ్చే సంవత్సరము ఇదే పుటలో, మంచిదైనను కానిదైనను, ఉన్నది ఉన్నట్లు వ్రాయుదుము. మీ ఇంటిలో ఇట్టి ప్రశ్న ఉంటే మాకు వ్రాయండి. కాగితము మీద లెక్క వేసికొని కలిసి ఆలోచింతము.